గ్యాస్ బండ నుంచి గాలి కరెంటుకు: విశాఖ ఇంట్లో ఏ పని ముందు, ఏ పని తరువాత

చలి దేశాల్లో ఇంటిని వెచ్చగా ఉంచుకోవడానికి చమురు బాయిలర్లు మండించడం చాలాకాలం పాటు మామూలు సంగతి. తన విద్యుత్తులో సగానికి పైగా గాలిమరల నుంచే పొందుతున్న డెన్మార్క్ వంటి దేశంలో ఇప్పుడు వాటిని తీసివేసి, కరెంటుతో నడుస్తూ బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంపులు అమర్చుకుంటున్నారు. విశాఖపట్నంలో ఇల్లు వెచ్చబెట్టుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. అయినంత మాత్రాన చమురు నుంచి వచ్చే వేడి మన ఇళ్లలో లేదనుకోకూడదు. వంటింట్లో పొయ్యి, కొన్ని ఇళ్లలో స్నానాల గదిలోని గ్యాస్ గీజరు చమురు సంస్థలు సరఫరా చేసే ఎల్పీజీతోనే మండుతున్నాయి. దేశంలో వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా ఓడల మీద వస్తున్నదే. డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర భూగర్భంలో 60 వేల టన్నుల గ్యాస్ పట్టేలా రాతిని తొలిచి గుహ నిర్మించింది ఆ సరుకును దించుకోవడానికే. ఈ వేడిని గాలి, ఎండ ఇచ్చే కరెంటు మీదికి మార్చుకోదలచిన విశాఖ కుటుంబం పనులను ఏ వరుసలో చేయాలన్నదే ఈ వ్యాసంలోని విషయం. వరుస తప్పితే ఖర్చు పెరగడమే కాక, ఏ ఉద్దేశంతో మారారో ఆ ఉద్దేశమే దెబ్బతింటుంది.

ముందుగా ఒక లెక్క

ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరులో సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి ఉంటుంది. గ్యాస్ పొయ్యి మీద అందులో నూటికి 60 పాళ్లు మాత్రమే గిన్నెకు చేరి, మిగిలింది వంటింటి గాలిలో కలుస్తుంది. ఇండక్షన్ పొయ్యిలో నూటికి 85 పాళ్ల వరకు గిన్నెకే అందుతుంది కాబట్టి, ఒక సిలిండరు చేసే పనిని అది సుమారు 125 నుంచి 130 యూనిట్లతో చేసేస్తుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తుంచుకుంటే తక్కిన లెక్కలన్నీ సులువుగా వస్తాయి.

ఇక పొగ సంగతి చూద్దాం. సిలిండరు మొత్తం మండితే సుమారు 42 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. మన గ్రిడ్డు కరెంటులో సింహభాగం ఇప్పటికీ బొగ్గుదే. దేశం మొత్తం సగటు తీసుకుంటే ఒక యూనిట్‌కు 0.7 కిలోల పైచిలుకు వాయువు విడుదలవుతోంది. ఆ లెక్కన 128 యూనిట్లకు 90 కిలోలు అవుతుంది. అంటే కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో పట్టించుకోకుండా పొయ్యిని మాత్రం మార్చేస్తే, మన వంటింట్లో తగ్గిన పొగకు రెండింతలు పరవాడ వైపు బొగ్గు విద్యుత్ కేంద్రం చిమ్నీల్లోంచి పైకి పోతుంది. కాబట్టి పొయ్యి మార్చడానికి ముందే కరెంటు వనరును మార్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను. ఇంటింటికీ ఇండక్షన్ పొయ్యి ఇస్తే చాలునన్న ప్రచారంలో ఈ మాట తరచుగా మరుగున పడుతోంది.

మన ఇంటికి గాలి కరెంటు ఎలా వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో గాలిమరలు దాదాపు అన్నీ రాయలసీమలోనే, అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల కొండల మీద ఉన్నాయి. రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నాటి నుంచే తిరుగుతున్నాయి. అక్కడ పుట్టిన కరెంటు, సింహాద్రి థర్మల్ కేంద్రంలో 2,000 మెగావాట్ల బొగ్గు యూనిట్ల నుంచి వచ్చేది, సీలేరు, మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు, అన్నీ ఒకే గ్రిడ్డులో కలుస్తాయి. రైవాడ నీళ్లూ మేఘాద్రిగెడ్డ నీళ్లూ కలిసి వచ్చే కుళాయిలో ఏ చుక్క ఎక్కడిదో చెప్పలేనట్లే, మీటరు దాటి వచ్చిన యూనిట్ ఏ కొండ మీది గాలిదో చెప్పలేము. మనం చేయగలిగింది రెండు పనులు: మనం వాడినంత శుభ్రమైన కరెంటును మనమే తయారు చేసి గ్రిడ్డుకు ఇవ్వడం, గాలి, ఎండ ఎక్కువగా ఉండే వేళలకు మన వాడకాన్ని జరుపుకోవడం.

అయితే మన మేడ మీదే ఒక చిన్న గాలిమర ఎందుకు పెట్టుకోకూడదని సముద్రపు గాలిని రోజూ అనుభవించే విశాఖవాసికి అనిపించడం సహజం. రెక్కల వ్యాసం 2 మీటర్లు ఉన్న గాలిమరను తీసుకుందాం. సెకనుకు 4 మీటర్ల వేగంతో గాలి వీస్తుంటే దాని నుంచి దక్కేది సుమారు 30 వాట్లు. నెలంతా రాత్రింబవళ్లు అదే గాలి ఆగకుండా వీచినా 22 యూనిట్లకు మించదు, అలా వీచే మేడ ఊరి మధ్యలో ఉండదు కూడా. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే పెద్ద గాలిమరలను వంద మీటర్ల ఎత్తున, కొండల మీద నిలబెడతారు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వంటి చోట్ల పక్కనున్న అపార్ట్‌మెంట్లను తాకి వచ్చే గాలి సుడులు తిరుగుతూ ఉంటుంది, రెక్కలను అది తిప్పడం కంటే కుదిపేస్తుంది. దీనికి తుపానుల ప్రమాదం తోడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఈ ఊళ్లో గాలి గంటకు 180 కిలోమీటర్ల స్థాయికి చేరింది. ఇంటి మీద గాలిమర కోసం డబ్బు పెట్టవద్దనే నా సలహా. గాలిని రాయలసీమ కొండలకు వదిలి, మేడను ఎండకు ఇవ్వండి.

స్నానాల గది నుంచి మొదలుపెట్టండి

ఇంట్లో గ్యాస్ గీజరు ఉంటే ఖర్చు లెక్కలతో పని లేకుండా మొదట దాన్నే తీసివేయాలి. గాలి ఆడని చిన్న స్నానాల గదిలో గ్యాస్ మండితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. తలుపు వేసుకుని స్నానం చేస్తున్న మనిషికి ప్రమాదం తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. దీని వల్ల మన దేశంలో ఏటా చలికాలంలో ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

దాని స్థానంలో ఏది పెట్టాలన్నది మన వాతావరణాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఒక బకెట్ అంటే 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడి చేయడానికి 0.35 యూనిట్ చాలు. నలుగురు ఉన్న ఇంటికి రోజుకు ఒకటిన్నర యూనిట్ అవుతుంది, గీజరు ట్యాంకు నుంచి వృథాగా పోయే వేడితో కలిపినా రెండు యూనిట్ల దగ్గరే ఆగుతుంది. అది కూడా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఏడాది పొడవునా కొంత కావాలి. ఇంత తక్కువ అవసరానికి చలి దేశాల పద్ధతిలో ఖరీదైన హీట్ పంపు పెట్టడం సాధారణ కుటుంబానికి అనవసరం. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని ఇవ్వడం దాని గొప్పతనమే గాని, పెట్టుబడి తిరిగి రావాలంటే ఉమ్మడి కుటుంబమో, హాస్టలో, నర్సింగ్ హోమో ఉండాలి. అటువంటి చోట అమర్చేవారు, బయట పెట్టే యంత్రంలోని సన్నని లోహపు రెక్కలకు ఉప్పుగాలిని తట్టుకునే పూత ఉందో లేదో తప్పక అడిగి తెలుసుకోవాలి.

సొంత ఇల్లు, ఖాళీ డాబా ఉన్నవారికి 100 లీటర్ల సోలార్ వాటర్ హీటరు అన్నిటికంటే మేలు, ఎందుకంటే అది ఎండను కరెంటుగా మార్చకుండా నేరుగా నీటిలోకి చేరుస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గాజు గొట్టాల లోపల సున్నపు పొర పేరుకుంటుంది కాబట్టి, వీలైతే దానికి మునిసిపల్ నీటి లైను కలపండి. అపార్ట్‌మెంటులో ఉండేవారు 15 లీటర్ల 5 స్టార్ గీజరు పెట్టుకుని, థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల దగ్గర ఉంచితే సరిపోతుంది. బకెట్‌లో వేసే హీటింగ్ రాడ్ మాత్రం వద్దు. అది కరెంటును వృథా చేయదు గాని, తడి నేల మీద నిలబడి దానిని వాడటం చాలా ప్రమాదకరం.

వైర్లు, ప్లగ్గులు, మీటరు

పొయ్యి కొనడానికి వెళ్లే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వంటింటి వైరింగు చూపించాలి. 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పాతికేళ్ల కిందటి ఇళ్లలో వంటింటి గట్టు మీద మిక్సీ కోసం పెట్టిన 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. ప్లగ్గు తెరిచి చూసినప్పుడు వైరు చివర రంగు మారి, పైనున్న ప్లాస్టిక్ గట్టిపడి పెళుసుగా విరుగుతుంటే, ఆ లైను ఇప్పటికే శక్తికి మించిన బరువు మోస్తోందని అర్థం చేసుకోవాలి. పొయ్యి కోసం స్విచ్చు బోర్డు నుంచి విడిగా ఒక లైను వేయించండి: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన ఎంసీబీ (లోడు మించితే దానంతట అదే కరెంటు ఆపే స్విచ్చు). రెండు పొయ్యిలున్న పెద్ద ఇండక్షన్ అయితే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి. ఇంటి మొత్తానికి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఇప్పుడే పెట్టించండి. సముద్రానికి దగ్గరగా ఉన్న పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వంటి చోట్ల ఎర్తింగ్ కడ్డీ, దాని బిగింపులు తుప్పు పట్టి సంబంధం తెగిపోవడం సాధారణం. ఎర్తింగ్ ఉందని నమ్మకుండా కొలిపించి చూడాలి.

తరువాత కరెంటు బిల్లు తీసి, దాని మీద ముద్రించిన కాంట్రాక్టు లోడు, అంటే ఒకేసారి వాడుకోవడానికి మీకు మంజూరైన పరిమితి, ఎంతో చూడండి. ఒకటి రెండు కిలోవాట్లే రాసి ఉంటే, ఏసీ, గీజరు, ఇండక్షన్ కలిసి దానిని దాటిపోతాయి. అదనపు లోడు కోసం కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్‌కు ముందే దరఖాస్తు చేసుకుని, డెవలప్‌మెంట్ చార్జీ, డిపాజిట్ చెల్లించడం మంచిది. తనిఖీలో బయటపడితే కట్టవలసింది పెరుగుతుంది. వివరాలకు 1912 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

మేడ మీద సోలార్ ఫలకాలు

ఒక కిలోవాట్ ఫలకాలు విశాఖలో సగటున రోజుకు 4 యూనిట్లు, అంటే నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. సిలిండరు నెలన్నర వచ్చే ఇంటికి వంట కోసం నెలకు 85 యూనిట్లు కావాలి, చలికాలంలో స్నానాలకు మరికొంత. అంటే మన ఇంట్లో వంటకూ స్నానానికీ కలిపి ఏడాది మొత్తం మీద కావలసింది ఇంచుమించు ఒక్క కిలోవాట్, స్థలంలో చెప్పాలంటే సుమారు 100 చదరపు అడుగుల మేడ. ఫ్యాన్లు, ఫ్రిజ్జు, ఏసీ కూడా దాని మీదే నడవాలంటే 3 కిలోవాట్లు పెట్టుకోవాలి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా రూ.78,000 కేంద్ర సబ్సిడీ వస్తుంది. పథకం పోర్టల్‌లో కరెంటు సర్వీసు నంబరుతో పేరు నమోదు చేసి, గుర్తింపు పొందిన విక్రేతను ఎంచుకోవాలి. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన కోసం వేచి చూడనక్కర లేదు. ఫలకాలు, గ్రిడ్డుకు ఇచ్చిన కరెంటునూ తీసుకున్న కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటరు అమర్చి, తనిఖీ పూర్తయ్యాక సబ్సిడీ నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ఫలకాలకే సబ్సిడీ వర్తిస్తుంది కాబట్టి, ఆ మాటను కొటేషన్‌లో రాయించుకోండి. కరెంటు సర్వీసు, బ్యాంకు ఖాతా, ఇంటి పన్ను కాగితాలలో పేరు ఒకేలా ఉండటం అవసరం. తండ్రి పేరిట ఉన్న సర్వీసును ముందుగా మార్పించుకోకపోతే పని అక్కడే ఆగుతుంది.

విక్రేతలు ఫలకాల గురించి ఎంతైనా చెబుతారు గాని, విశాఖలో అంతకంటే ముఖ్యమైనది వాటిని నిలబెట్టే ఇనుప చట్రం. భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఈ ఊరికి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. చట్రాన్ని ఆ వేగానికి లెక్కగట్టారా అని అడిగి, ఆ డిజైన్ కాగితం తీసుకోండి. తుపాను గాలి ఫలకాన్ని కింది నుంచి పైకి ఎత్తుతుంది. ఎత్తైన కాళ్ల మీద పందిరిలా వేయించుకుంటే కింద బట్టలు ఆరబెట్టుకోవచ్చునన్నది నిజమే, కాని గాలి తాకిడి దానికే ఎక్కువ. అలా కావాలనుకుంటే కాళ్లను స్లాబులోకి యాంకర్లతో బిగించి, చుట్టూ నీరు దిగకుండా పూత వేయించాలి. సిమెంటు దిమ్మెల బరువు మీద నిలబెట్టే పద్ధతిలో ఆ దిమ్మెల బరువు లెక్క ప్రకారం ఉండాలి తప్ప మేస్త్రీ అంచనా ప్రకారం ఉండకూడదు. చట్రం ఇనుము వేడి జింకులో ముంచి పూత వేసినదిగా, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువిగా ఉండాలి. మామూలు నట్లు ఉప్పుగాలికి రెండు మూడేళ్లలోనే తుప్పు పట్టి, విప్పడానికి కూడా రాకుండా పోతాయి. ఫలకాలు దక్షిణం వైపు చూస్తూ 15 డిగ్రీల వాలులో ఉంటే సరిపోతుంది.

పోర్టుకు దగ్గరగా ఉన్న వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం ప్రాంతాల వారికి మరొక పని అదనం. బొగ్గు, ఖనిజం ధూళి ఫలకాల మీద నల్లగా పేరుకుని ఉత్పత్తిని తగ్గిస్తుంది. వారానికొకసారి ఎండ ఎక్కకముందే మెత్తని గుడ్డతో, ఉప్పు లేని నీటితో కడగాలి. ఫలకాల దగ్గరికి చేరే దారి, కుళాయి ముందే ఏర్పాటు చేసుకోకపోతే ఈ పని మొదటి నెల తరువాత ఎవరూ చేయరు.

అపార్ట్‌మెంటులో మేడ అందరిది కాబట్టి సంఘం తీర్మానం లేకుండా ఏదీ కదలదు. లిఫ్టు, నీటి మోటార్లు వంటి ఉమ్మడి అవసరాలకు పెట్టే ఫలకాలకు సంఘాలకు కిలోవాట్‌కు రూ.18,000 చొప్పున సబ్సిడీ ఉంది. ఆ పని ముందుగా చేస్తే నెలవారీ మెయింటెనెన్స్ తగ్గి, మిగతావారిని ఒప్పించడం తేలికవుతుంది.

ఇప్పుడు వంటిల్లు

ఫలకాలు లేకుండా పొయ్యి ఒక్కటే మారిస్తే బిల్లు ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. 2022లో ఖరారైన శ్లాబుల ప్రకారం యూనిట్ ధర మొదటి 30 వరకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75. అదనంగా వాడిన యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబులోనే పడతాయి. నెలకు 60 యూనిట్లు వాడే ఇంటికి వంట కోసం 85 యూనిట్లు కలిస్తే, వాటి సగటు ధర రూ.4.60 దగ్గర ఉండి సిలిండరుకు సమానమైన కరెంటు రూ.600 లోపే వస్తుంది. ఇప్పటికే 250 యూనిట్లు వాడే ఇంటికి అదే రూ.1,100 దాటుతుంది. ఇంధన ఖర్చు పెరిగినప్పుడు వేసే సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. సిలిండరుకు మీరు కట్టే ధరను 128తో భాగించి, వచ్చిన అంకెను మీ బిల్లులోని పై శ్లాబు ధరతో పోల్చుకోండి.

గిన్నెల ఎంపికకు ఒక అయస్కాంతం చాలు. గిన్నె అడుగుకు అది గట్టిగా అతుక్కుంటే ఆ గిన్నె పనికి వస్తుంది. ఇనప పెనం, పోత ఇనుము మూకుడు చక్కగా పనిచేస్తాయి. సత్తు గిన్నెలు, రాగి చెంబులు, మట్టి చట్టి పనికిరావు. కుక్కరు అడుగున ఇండక్షన్ గుర్తు ఉండాలి. తాలింపు వేసే చిన్న ఇనుప గరిటెను చాలా పొయ్యిలు గుర్తించనే గుర్తించవు, ఎందుకంటే అడుగు వెడల్పు 12 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అవి ఆగిపోతాయి. తాలింపును కూర వండే గిన్నెలోనే ముందుగా వేసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇండక్షన్ మీద నూనె చాలా త్వరగా కాగుతుంది కాబట్టి ఆవాలు, జీలకర్ర పక్కన సిద్ధంగా పెట్టుకున్నాకే స్విచ్చు వేయాలి, మొదటి వారం 1,000 వాట్లు దాటకుండా వండాలి. వంకాయ కాల్చి చేసే పచ్చడి, మంట మీద పొంగించే పుల్కా దీనితో కుదరవు.

ఆ వంటల కోసమే కాక మరొక కారణంగా కూడా ఒక సిలిండరు ఇంట్లో ఉంచుకోవాలి. లైన్లు బాగుచేసే సిబ్బందికి ప్రమాదం రాకూడదని, గ్రిడ్డులో కరెంటు పోగానే సోలార్ ఇన్వర్టరు కూడా దానంతట అదే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా, బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు లేకపోతే ఒక్క ఫ్యానూ తిరగదు. హుద్‌హుద్ తరువాత రోజుల తరబడి ఈ ఊరు కరెంటు లేకుండా ఉన్నది మరచిపోకూడదు. ఇండక్షన్ పొయ్యిని బ్యాటరీ మీద నడపడం ఖర్చుతో కూడిన పని, ఆ సందర్భానికి గ్యాసే తగినది.

గాలి వాటాను పెంచుకోవడం

రాష్ట్రంలో గాలిమరలు బలంగా తిరిగేది నైరుతి రుతుపవనాల కాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు వరకు. అదే కాలంలో విశాఖ ఆకాశం మబ్బుపట్టి మన ఫలకాల ఉత్పత్తి పడిపోతుంది. ఈ రెండూ ఒకదాని లోటును మరొకటి తీర్చడం మన అదృష్టం. కాబట్టి జనవరి నుంచి మే వరకు గీజరు, వాషింగ్ మెషీన్, నీటి మోటారు వంటివి పగలు పది నుంచి మూడు గంటల మధ్య వాడుకోండి. వానాకాలంలో ఆ పట్టింపు కొంత సడలించవచ్చు. ఏడాది పొడవునా తప్పించవలసిన వేళ సాయంత్రం ఆరు నుంచి పది వరకు. అప్పుడు ఎండ ఉండదు, అందరి ఇళ్లలో ఏసీలు నడుస్తుంటాయి, ఆ లోటును పూడ్చేది ఎక్కువగా బొగ్గే. రాత్రి వంటను ఐదింటికే ముగించగలిగిన ఇంటివారు ఆ ఒక్క అలవాటుతో చాలా చేసినట్లు.

గాలి కరెంటును ఉత్పత్తిదారు నుంచి నేరుగా కొనే వీలు 2022 నాటి గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నియమాల్లో ఉంది, కాని దానికి కనీసం 100 కిలోవాట్ల లోడు కావాలి. ఒక్క ఇంటికి అది అందదు. వందల ఫ్లాట్లు ఉండి, ఒకే పెద్ద కనెక్షన్ మీద నడిచే గేటెడ్ కమ్యూనిటీలు మాత్రం దీనిని పరిశీలించాలి. వీలింగ్ చార్జీలు (లైన్ల మీదుగా కరెంటు చేరవేసినందుకు కట్టేవి), సర్‌చార్జీలు కలిపిన తరువాత యూనిట్ ఎంత పడుతుందో రాతపూర్వకంగా తీసుకోకుండా ఒప్పందం చేసుకోవద్దు.

పనులకు కాలం కూడా చూసుకోవాలి. మేడ మీది పని అక్టోబరు, నవంబరు తుపాను నెలల్లో పెట్టుకోకుండా డిసెంబరు తరువాత మొదలుపెడితే వేసవికి ఫలకాలు సిద్ధమవుతాయి. పొయ్యి మారిన తరువాత ఆరు నెలల పాటు సిలిండరు ఎన్నాళ్లు వస్తోందో తేదీ రాసుకుంటూ చూడండి. రెండో సిలిండరు కదలకుండా ఉంటే దానిని గ్యాస్ ఏజెన్సీకి తిరిగి ఇచ్చి, డబుల్ కనెక్షన్‌ను సింగిల్‌గా మార్పించుకోవచ్చు. కట్టిన డిపాజిట్ వాపసు రావడానికి మొదట ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచరు అడుగుతారు కాబట్టి దానిని ముందే వెతికి పెట్టుకోండి.